లేవని దవడ

కాశీబుగ్గ పాత ఇనుప సామాన్ల సందులో
ముఖలింగం బల్లమీద మూడు వైసులు పరిచాడు.
"సూడప్పా, నీకేది నచ్చితే అది" అన్నాడు,
చీరల కొట్టువాడిలా.

నా మిల్లింగు మర చిన్నది.
కుట్టు మిషను చోటులో ఒదిగి కూకుంటుంది.
దాని బల్ల జానెడుకి బెత్తెడు తక్కువ.

మొదటిది ఆరంగుళాల దవడ.
నల్లగా, దున్నపోతులా, చూడ్డానికి మహా ఠీవి.
ఎక్కిస్తే నా బల్ల దాని కింద పీటైపోతుంది,
ముక్కకీ కట్టరుకీ మధ్య వేలు దూరదు.
వద్దన్నాను.

రెండోది నీలం రంగుది, కొత్తది, ధర తక్కువ.
ముఖలింగం దాన్ని తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు.
రెండుసార్లు తుడిచాడంటేనే నాకు అనుమానం.
సంచిలోంచి పొద్దున్నటి బస్సు టికెట్టు తీసి
ముక్క అడుగున పరిచి
పిడి తిప్పి, బిగించి,
కొస పట్టుకు లాగాను.
వచ్చేసింది, వెన్నలోంచి వెంట్రుకలా.

"బిగించినకొద్దీ దవడ పైకి లేస్తంది బావూ,
ముక్కని కూడా ఎత్తుకుపోతంది."
"ఎంత లేస్తదేటి? దోమ రెక్కంత!"

దోమ రెక్కంత.

పదకొండేళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీలో కాలిమర తొక్కాను.
రెండు కత్తుల మధ్య పిక్క పెట్టి
ఎక్కడ ఆగాలో కంటికి కాదు, పాదానికి తెలియాలి.
దోమ రెక్కంత ఎక్కువ తొక్కితే
గుండు కాస్తా బద్ద.
బద్దకి కూలి సగం.
సాయంత్రం కాటా దగ్గర
దమయంతి పిన్ని తన బద్దల డబ్బాని
కొంగు చాటున పెట్టుకుని నిలబడేది,
ఎవరి బిడ్డనో పడేసినట్టు.
జీడి రసానికి నా వేళ్ల గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి.
రేషను కొట్లో మిషను
నా బొటనవేలిని చూసి నువ్వెవరివంది, రెండేళ్లు.

ఇప్పుడా కత్తులకి గాడి తీసేది నేనే.
ఇక్కడ ముక్క లేస్తే అక్కడ కత్తి వంకర,
వంకర కత్తికి పప్పు బద్ద,
బద్దకి మళ్లీ ఎవరో ఒకతి తల దించుకోవడం.
ఇదంతా ముఖలింగానికి చెప్పలేదు.
"మూడోది చూపించు" అన్నాను.

అరచేతికి కాస్త పెద్దది. బరువు మాత్రం చంటిపిల్లంత.
పిడి లేదు, వెనక్కి పొడుచుకొచ్చే స్క్రూ లేదు,
కడుపులో ఏటవాలుగా ఒక్క బోల్టు.
బిగిస్తే దవడని ముందుకి తోస్తూనే కిందికీ లాగుతుంది,
అల్లరి పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకునే అమ్మమ్మలా.
రంగు లేదు. సాన పట్టిన గీతలు, పాత నూనె వాసన.
ఒక మూల గాటు:
ఎవరికో చెయ్యి జారి కట్టరు తగిలింది.

"మూతబడ్డ మిల్లుది. టూల్‌రూమ్ ఆయనెవరో తెలీదప్పా."
ఎవరైతేనేం, మిల్లు పోయినా
దీనికి తుప్పు రానివ్వలేదు.

అదే టికెట్టు మళ్లీ పరిచాను.
ముక్క పెట్టి, బిగించి, లాగాను.
రాలేదు.
గట్టిగా లాగాను.
చినిగింది.
మందస అన్న ముక్క నా వేళ్లలో,
పలాస అన్న ముక్క ఇనుము కింద.

గాటు చూపించి ఎనిమిది వందలు తగ్గించాను.
ఆ గాటే నాకు నచ్చిందని మాత్రం
నోరు జారలేదు.

తిరుగు బస్సులో పాత లుంగీలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.
"ఏటప్పా అది, నిద్దరోతందా?" అన్నాడు కండక్టరు.
నవ్వి, వాడిచ్చిన కొత్త టికెట్టుని
మడత పడకుండా పర్సులో దాచాను.
రేపు పనికొస్తుంది.

రాత్రి. బల్లకి బిగించాను.
దవడ మీద డయల్ గేజి ముల్లు ఆనించి
ఈ కొస నుంచి ఆ కొసకి నడిపితే
మూడు గీతలు తేడా.
ఇత్తడి సుత్తితో ఒక్క తట్టు.
రెండు.
ఇంకాస్త మెల్లగా.
ఒకటిన్నర.

అన్నం అడుగంటుతున్న వాసన.
కుముదా, స్టవ్వు కట్టేయ్.
వస్తన్నాను,
ముల్లు ఆగనీ.